నీరటి నుంచి లస్కర్ దాకా: చెరువు మీద మాట ఎవరిది?

గోపాల్‌పేట సంస్థానం గురించి, దాని ఏలికల గురించి రాసేవారు చాలామంది ఉంటారు. ఆ సంస్థానపు చెరువులకు కావలి కాసిన నీరటికీ ఒక పేజీ దక్కాలి.

గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాల్‌పేట సంస్థానాలు వెలసిన ఈ మెట్ట సీమలో వరి పండాలంటే చెరువు నిండాలి. తూము ఎత్తడం, దించడం, వంతుల ప్రకారం మడులకు నీళ్లు పారించడం, కట్టకు బుంగ పడిందేమో చూడటం, అలుగు దుంకే రాత్రి ఊరిని లేపడం నీరటి పని. ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. జీతం బదులు ఇనాం మడి, కళ్లంలో రైతు కొలిచే మేర. ఇందులో కులం కట్టుబాటూ వెట్టీ కలిసే ఉన్నాయి, పొగడాల్సిన ఏర్పాటేమీ కాదు. అయితే చెరువు మీద మాట ఎవరిదో, అతను ఎవరికి జవాబు చెప్పాలో ఊరంతా ఎరుగును.

తర్వాత చట్టాలు వరసగా మారాయి. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1997 చట్టంతో సాగునీటి నిర్వహణ నీటి వినియోగదారుల సంఘాలకు వచ్చింది. గ్రామ సేవకుల్లో కలిసిన నీరట్లు కాలక్రమంలో గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. 2023లో రాష్ట్రమంతటా 20,555 మంది సహాయకులను వేర్వేరు శాఖల్లో సర్దినప్పుడు కొందరు నీటిపారుదల శాఖలో లస్కర్లుగా చేరారు.

తూముకు ఇంత చరిత్ర ఉంది. నీళ్ల మీద తిరిగే పుట్టిని అడిగేవాడు మాత్రం లేడు. 2007 జనవరిలో కృష్ణానదిలో నెహ్రూనగర్, మంచాలకట్ట రేవుల మధ్య పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. అప్పటికి అమల్లో ఉన్న 1917 నాటి నౌకల చట్టం మరపడవలకోసం రాసుకున్నది. దాని స్థానంలో వచ్చిన 2021 చట్టం మర లేని పడవలనూ లెక్కలోకి తీసుకుంది. వాటికి సంబంధించిన కొన్ని అధికారాలను రాష్ట్రాలు స్థానిక సంస్థలకు అప్పగించవచ్చంది.

ఈ వెసులుబాటు మనకు అవసరమే. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వనపర్తి ప్రాంతపు చెరువులకు చేరుతున్నాయి. నీళ్లు నిలిచిన చోట చేపల వేట సాగుతుంది, పుట్టి దిగుతుంది. ఎంతమంది ఎక్కవచ్చో, లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేవో, గాలివాన ముందు పుట్టి దించొచ్చో లేదో చూసి, అవసరమైతే ఆపే మనిషి కావాలి.

అతన్ని నియమించేటప్పుడు నీరటి చరిత్ర పనికొస్తుంది. వంశపారంపర్యం వద్దు, వెట్టి వద్దు. నెల జీతం ఉండాలి. దేన్ని ఆపవచ్చో, దేని జోలికి పోకూడదో పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి. మేర కొలిచే రైతు ముందు నీరటి నిలబడ్డట్టే, ఇతను ఏటా గ్రామసభ ముందు నిలబడాలి. ఆ షరతు లేకుండా ఉత్తర్వు వస్తే, చేపలు పట్టుకునేవాళ్లకు ఇంకో మామూళ్ల మనిషి తయారవుతాడు.