ధనుర్మాసపు చీకట్లు

దగ్గరికి జరగండర్రా. కొబ్బరి మట్టలు గబుక్కున అంటుకుంటాయి, పావడా అంచు చూసుకోవే అమ్మడూ. చలీ, చీకటీ అంటూ ఆరు గంటలకే తలుపులేసుకుని కూర్చుంటున్నారు మీరంతా. మాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజులు ఇవే. పగలు 11 గంటలు, రాత్రి 13 గంటలు. అంత రాత్రిని ఏం చేసుకునేవాళ్లమో చెప్తాను, వినండి.

పొద్దుగూకేసరికి లాంతరు తుడవడం పిల్లల పని. చిమ్నీలోకి పెద్దవాళ్ల చెయ్యి పట్టదు. గుడ్డపేలికకి కాస్త పొయ్యి బూడిద అద్ది లోపల తిప్పితే మసి వదిలేది. వత్తి కాలిన కొస కత్తిరించి, కిరసనాయిలు పోసి వెలిగించేవాళ్లం. వత్తి కొంచెం పెద్దది చేస్తే మా అమ్మ కసిరేది. కిరసనాయిలు కొలిపించి తెచ్చుకునే రోజులవి. ఇల్లు మొత్తానికి అదొక్కటే వెలుగు. వంట అయ్యేదాకా వంటింట్లో ఉండేది, అన్నాలప్పుడు నడవలోకి వచ్చేది, ఆ తర్వాత అరుగు మీదకి. దాని వెనకే మేమందరం. చదువుకునేవాడు, బియ్యం ఏరుకునేది, తాడు పేనుకునే మా తాత, అందరూ ఆ వెలుగులోనే సర్దుకుని కూర్చునేవాళ్లు. ఎవరి మనసు బాగాలేకపోయినా మిగతావాళ్లకి ఇట్టే తెలిసిపోయేది. ఇప్పుడు గదికో లైటు వచ్చింది, మంచిదే, కాదనను. కానీ ఆ కూర్చోవడం పోయింది. దాని మీద నాకు బెంగే.

మన కృష్ణా డెల్టాలో కోతలయ్యాక కుప్పలు వేసేవాళ్లు. నూర్పిళ్లయ్యేదాకా మగాళ్లు రాత్రిళ్లు కళ్లంలో కాపలా పడుకునేవాళ్లు. నేను ఏడ్చి మరీ మా నాన్న వెంట వెళ్లేదాన్ని. కొత్త గడ్డి పరుచుకుని, మీద ఇంకాస్త కప్పుకుంటే దుప్పటి అక్కర్లేదు. ఆ వాసన ఇప్పటికీ నాకు గుర్తే. ఊళ్లో కరెంటు లేదు, మబ్బు లేదు. ఆకాశం నిండా చుక్కలే. పిల్లలకోడి అంటే తెలుసా? చిన్న చిన్న చుక్కలు ఒకచోట గుమిగూడి ఉంటాయి, మీ పుస్తకాల్లో కృత్తికలంటారు. ధనుర్మాసం మొదట్లో రాత్రి 10 గంటలకి అది సరిగ్గా నడినెత్తికి వస్తుంది. "పిల్లలకోడి నెత్తి మీదకొచ్చింది, ఇక పడుకోవే" అనేవాడు మా నాన్న. ఆయన దగ్గర గడియారం లేదు.

మంట పక్కన కుండలో తేగలు కాలుతుండేవి. శ్రావణ భాద్రపదాల్లో రాలిన తాటిపళ్ల టెంకలు ఇసకలో పాతరేస్తే, చలికాలానికి మొలిచి తేగలయ్యేవి. కాల్చిన తేగని రెండుగా చీల్చి, లోపలి చందమామ తీసి పక్కన పెట్టి, మిగతాది నమిలి పీచు ఉమ్మేయడమే. టెంక పగలగొడితే బుర్రగుంజు. దానికోసం మా అన్నదమ్ములు కొట్టుకునేవాళ్లు.

ఇక తెల్లవారుజాము. డిసెంబరు 16కో 17కో ధనుర్మాసం పడుతుంది. సంక్రాంతి దాకా పెళ్లిళ్లుండవు, ముహూర్తాలుండవు. ఊరికే సంతోషంగా ఉండటానికే ఆ నెల వదిలిపెట్టారేమో అనిపించేది నాకు. 4 గంటలకే ఆడవాళ్లం లేచి కళ్లాపి చల్లి, అరుగు మీద లాంతరు పెట్టుకుని ముగ్గు వేసేవాళ్లం. ముగ్గు మధ్యలో గొబ్బెమ్మలు, వాటి నెత్తిన గుమ్మడిపూలు. మంచులో ఎదురింటావిడ కనపడేది కాదు, గాజుల చప్పుడు మాత్రం వినపడేది. గుళ్లో తిరుప్పావై మొదలయ్యేది, రోజుకో పాశురం, మొత్తం 30. విస్తరాకులో వేడి వేడి కట్టె పొంగలి పెట్టేవాళ్లు. హరిదాసు అందెల చప్పుడు ముందొచ్చేది, మనిషి తర్వాత. తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు. మోకాలి మీద వంగితే పిల్లలం దోసిలితో బియ్యం పోసేవాళ్లం.

డిసెంబరు 22 దాటితే పగలు పెరుగుతుందని బడిలో చెప్పారు కదా? నిజమే. కానీ పెరిగేదంతా సాయంత్రం వైపే. పొద్దున సూర్యుడు జనవరి 20 దాకా ఇంకా ఇంకా ఆలస్యంగానే వస్తాడు. తెల్లారకుండా లేచే ఆడదాన్ని ఎవరినడిగినా చెప్తుంది. అందుకే భోగి తెల్లవారుజాము అంత చీకటిగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఊరంతా కలిసి మంట వేస్తారు.

ఒక్క భోగి మాత్రం నేను మరిచిపోలేను. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. దీపావళి వెళ్లి పది రోజులు కాలేదు, కార్తీక పౌర్ణమికి ఇంకా వారం కూడా లేదు. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకి ఊళ్లే పోయాయి. వేలమంది. నీళ్లు మన ఊరి చివరిదాకా వచ్చి ఆగాయి. చేతికొచ్చిన వరి ఉప్పునీళ్లలో కుళ్లింది. ఆ ఏడు నూర్పిళ్లు లేవు, కళ్లాలు లేవు. ధనుర్మాసం వచ్చినా ఎవరూ ముగ్గు వేయలేదు. హరిదాసు మాత్రం వచ్చాడు. పోయడానికి బియ్యం లేవని మా అత్తగారు గుమ్మంలోనే ఏడ్చింది. ఆయన వంగకుండా, పాడుతూనే మా గుమ్మం దాటి వెళ్లాడు. మర్నాడూ వచ్చాడు. మూడోనాడు మా అత్తగారు లాంతరు నా చేతికిచ్చి, కళ్లాపి చల్లమంది.

భోగి మంట వేయాలా వద్దా అని పెద్దవాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. వేద్దామన్నారు. కట్టెలకి కొదవలేదు, ఎటు చూసినా పడిపోయిన కొబ్బరిచెట్లే. కాలవలో కొట్టుకొచ్చిన తలుపులు, దూలాలు కూడా బోలెడున్నాయి. ఒక కుర్రాడు తలుపొకటి ఈడ్చుకొస్తే మీ తాతయ్య ఆపాడు. "అది ఎవరింటిదో, వాళ్లొస్తారేమో" అన్నాడు. తలుపులన్నీ రావిచెట్టు కింద నిలబెట్టి, చెట్లు మాత్రమే కాల్చారు. పక్క ఊళ్ల నుంచి బతికొచ్చినవాళ్లు కూడా మాతోపాటే చలికాగారు.

వేసవిలో కొందరొచ్చి తమ తలుపులు గుర్తుపట్టి తీసుకెళ్లారు. మిగిలినవి ఇళ్లు కట్టుకునేవాళ్లకి తలా ఒకటి పంచారు, అడిగితే తిరిగిచ్చే షరతు మీద. మన వంటింటి నీలం తలుపు అందులోదే. దానికి వేరే రంగు వేయొద్దని మీ నాన్నతో నేను గొడవపడేది అందుకే. దాని తాలూకు వాళ్లెవరైనా వస్తే గుర్తుపట్టాలి కదా.