కరిగిపోకుండా మిగిలిన అష్రఫీ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు కోరారు. డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ నాకంటే బాగా రాయగల వారు ఉన్నారు గనుక, నేను ఒక పాత బంగారు నాణెం ముచ్చట చెబుతాను. ఇది మనలో ఎవరి ఇంటి పెట్టెలోనైనా ఉండదగిన వస్తువే.

మా బచ్చన్నపేటలో నాతో పనిచేసి కాలం చేసిన ఒక మిత్రుని భార్య, ఫ్యామిలీ పెన్షనర్, కిందటి పెండ్లిండ్ల రోజుల్లో మా ఇంటికి వచ్చింది. కొంగుముడి విప్పి రెండు పచ్చని బిళ్లలు నా చేతిలో పెట్టింది.

"అన్నా, మీరు ఖజానాల పనిచేసినోళ్లు. ఇవి మా అత్తమ్మ ఇచ్చినయి. మనుమరాలి పెండ్లికి కరిగించి గొలుసు చేయిద్దామనుకుంటున్న. జర చూసి చెప్పుండ్రి" అన్నది.

రెండింటి మీదా చార్మినార్ బొమ్మ ఉన్నది. ఒకదానికి ఎప్పుడో కొండీ అతికించి మెడలో వేసుకున్నారు, అక్షరాలు అరిగిపోయాయి. రెండవది మాత్రం నిన్ననే టంకశాల నుండి వచ్చినట్టున్నది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత దఫ్తర్లు ఉర్దూలో ఉండేవి. అప్పుడు పెద్ద గుమాస్తా గారి దగ్గర నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఆనాడు అక్కరకు వచ్చాయి.

చార్మినార్ నడిమి కమాను కింద చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. అది 'మీమ్' అయితే ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలానిది, 'ఐన్' అయితే ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలానిది. చుట్టూ నిజాముల్ముల్క్ ఆసఫ్ జా బిరుదులు, 92 అంకె ఉంటాయి. అబ్జద్ లెక్క ప్రకారం ముహమ్మద్ అనే పేరులోని అక్షరాల విలువ కూడితే 92 వస్తుంది. రెండవ వైపు హైదరాబాదు టంకశాల పేరు 'ఫర్ఖుందా బునియాద్' అనే విశేషణంతో ఉంటుంది. ఆమె తెచ్చిన మంచి బిళ్ల మీద ఉన్నది 'మీమ్'. చార్మినార్ నాణేలు హిజ్రీ 1321, అంటే 1903-04లో మొదలైనాయి. మహబూబ్ అలీఖాన్ 1911లో మరణించారు. కనుక ఆ అష్రఫీ ఆ నడుమ కాలానిది, వయస్సు నూరేండ్లు దాటింది.

ఆ 1903లోనే టంకశాల సైఫాబాదుకు మారింది. 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో చర్లపల్లికి తరలింది. పాత సైఫాబాదు భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. మనుమలను తీసుకుపోయి చూపించవలసిన చోటు.

మన తల్లిదండ్రులు వాడిన హాలీ సిక్కా గుర్తున్నవారికి ఒక సంగతి చెప్పాలి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు లెక్క. 1950లో భారత రూపాయి వచ్చినా, హాలీ సిక్కా పూర్తిగా రద్దయింది 1959లోనే. అయితే అష్రఫీ మాత్రం అంగడి ధరను బట్టి చెల్లేది. దాని అసలు విలువ అందులోని బంగారమే. బరువు దాదాపు 11.18 గ్రాములు, నూటికి 91 పాళ్లు బంగారం. అంటే మేలిమి పది గ్రాములకు కాస్త పైన.

ఇక్కడే ఒక హెచ్చరిక. హాలీ వెండి రూపాయి బరువు కూడా దాదాపు 11.18 గ్రాములే, బొమ్మ కూడా అదే. రూపాయికి బంగారు పూత పూస్తే అమాయకులు మోసపోతారు. కానీ బంగారం వెండి కంటే చాలా బరువైన లోహం గనుక, అదే తూకానికి అష్రఫీ చిన్నదిగా ఉంటుంది. బిళ్ల రూపాయంత వెడల్పు, రూపాయంత మందం ఉండి, రూపాయంతే తూగితే అది బంగారం కాదని తెలుసుకోవాలి. మేము కంసాలి దుకాణంలో తూకం వేయించి, పాత రూపాయి పక్కన పెట్టి చూశాము. రెండూ నిఖార్సయినవే.

పాత నాణేలు అరుదు కావడానికి కారణం తక్కువ కొట్టడం ఒక్కటే కాదు, ఎక్కువ కరిగించడం కూడా. అమెరికా వారు 1795లో తమ మొదటి బంగారు నాణేలు కొట్టారు. తొలినాటి పది డాలర్ల నాణెం మీద విలువే రాయలేదు, తూకమే దాని విలువ. తరువాత నాణెం విలువ కంటే లోహం విలువ పెరిగిపోయి కుప్పలుగా కరిగించారు. 1822లో వారి లెక్కల ప్రకారం 17,796 అయిదు డాలర్ల నాణేలు తయారైతే, నేడు తెలిసినవి మూడే. రెండు అక్కడి స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. మూడవది 2021లో 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మన అష్రఫీ అంత అరుదు కాదు. కాని కొలిమి మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

ఈ మాటలన్నీ విని ఆమె కొంతసేపు మౌనంగా ఉన్నది. "అన్నా, బంగారం ఉన్నదే ఆపతికి గదా" అన్నది. ఆ మాట కాదనడానికి నాకు నోరు రాలేదు. పెన్షన్ మీద బతికే ఇంట్లో పెండ్లి అంటే ఏమిటో మనందరికీ తెలుసు. చివరకు కొండీ ఉన్న బిళ్లను కరిగించి గొలుసుకు వాడింది. 'మీమ్' ఉన్న బిళ్లను అట్లాగే గుడ్డలో చుట్టి మనుమరాలికి ఇచ్చింది. పెండ్లిలో ఆ పిల్ల దాన్ని నాకు చూపించి, కమాను కింద అక్షరం ఏదో తానే చెప్పింది.

మిత్రులకు నా మనవి ఇంతే. పాత నాణేలను చింతపండుతో తోమకండి, కొండీలు అతికించకండి. నూరేండ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, విదేశాలలో ఉన్న పిల్లలకు పంపడం నేరం. భూమిలో దొరికితే సంగతి వేరు. 2021లో జనగామ పక్కన పెంబర్తిలో నేల చదును చేస్తుంటే బంగారు, వెండి నగలు బయటపడిన ముచ్చట మీకు గుర్తుండే ఉంటుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి, దాచితే శిక్ష ఉన్నది. అన్నిటికంటే ముఖ్యం, పెట్టెలో ఉన్నదేమిటో, ఎవరిచ్చారో ఒక కాగితం మీద రాసి దానితోపాటే ఉంచండి. మన తరువాత చూసేవారికి బంగారం కనబడుతుంది గాని, దాని వెనుక ఉన్న అత్తమ్మ కనబడదు.