పీడీఎఫ్ పత్రాలలో చిత్రాల నాణ్యత తగ్గుదల

వర్డ్, లిబ్రేఆఫీస్ వంటి సాధనాలలో తయారు చేసిన పత్రాన్ని పీడీఎఫ్‌గా మార్చినప్పుడు అందులోని ఛాయాచిత్రాలు, పటాలు మసకబారడం లేదా సూక్ష్మ వివరాలు కోల్పోవడం తరచుగా కనిపించే సమస్య. 1993లో అడోబి సంస్థ విడుదల చేసిన పీడీఎఫ్ 2008లో ఐఎస్ఓ 32000 అను అంతర్జాతీయ ప్రమాణమైనది. చిత్రాన్ని ఏ మాత్రం నష్టం లేకుండా భద్రపరచే సౌకర్యం ఇందులో ఉన్నది. కాబట్టి లోపం సాధారణంగా పీడీఎఫ్‌ది కాదు; మార్పిడి సమయంలో ఎంచుకొన్న, చాలాసార్లు ఎవరూ ఎంచుకోకుండానే అమలైన, అమరికలది.

కారణాలు

మొదటిది పిక్సెళ్ళ తగ్గింపు. 3000 పిక్సెళ్ళ వెడల్పు, 2000 పిక్సెళ్ళ ఎత్తు గల ఛాయాచిత్రాన్ని పుటపై 5 అంగుళాల వెడల్పున అమర్చితే అంగుళానికి 600 పిక్సెళ్ళు వస్తాయి. దానిని అంగుళానికి 150కి పరిమితం చేస్తే మిగిలేది 750 × 500 మాత్రమే. అనగా 60 లక్షల పిక్సెళ్ళలో పదహారవ వంతు.

రెండవది జేపెగ్ సంపీడనం. ఈ పద్ధతి కంటికి అంతగా ఆనవనుకొన్న వివరాలను వదిలివేస్తుంది. వెలుగునీడల కంటే రంగుల వివరాన్ని ఎక్కువగా తగ్గించడం పరిపాటి. ఒకసారి జేపెగ్ అయిన చిత్రాన్ని మళ్ళీ కుదిస్తే నష్టం పెరుగుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వచ్చిన చిత్రం పత్రంలో చేరకముందే కుదించబడి ఉంటుంది.

దీని పర్యవసానానికి అనంతపురం ప్రాంతపు ప్రధాన వర్షాధార పంట అయిన వేరుశనగ మంచి ఉదాహరణ. తిక్క ఆకుమచ్చ తెగులులో ముందుగా వచ్చే మచ్చల చుట్టూ ఆకు పైభాగాన పసుపు వలయం సాధారణంగా స్పష్టంగా ఉంటుంది. ఆలస్యంగా వచ్చే మచ్చలు ఆకు అడుగున నల్లగా కనిపిస్తాయి. పంట గురించిన కరపత్రాన్ని పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు ఆ సన్నని పసుపు వలయం చుట్టూ ఉన్న ఆకుపచ్చలో కలిసిపోతే, బొమ్మ చూడటానికి బాగానే ఉన్నా తెగులును గుర్తించడానికి పనికిరాదు.

అక్షరాలు, పటాలు

తెలుగు పుటను స్కాన్ చేసినప్పుడు ఇబ్బంది మరింత ఎక్కువ. ధ, థ లకు మధ్య భేదం లోపలి చుక్క. ద, ధ లకు మధ్య భేదం కింది చిన్న గీత. తక్కువ స్పష్టతలో ముందుగా పోయేవి ఇవే.

నలుపు తెలుపు పుటలకు వాడే జేబిగ్2 పద్ధతిలో ఇంకొక ప్రమాదం కలదు. ఒకే విధంగా కనిపించే గుర్తులకు ఒకే ప్రతిని వాడి ఇది స్థలం ఆదా చేస్తుంది. కొన్ని జిరాక్స్ యంత్రాలు స్కాన్ చేసిన పత్రాలలో ఈ కారణంగా అంకెలే మారిపోతున్నాయని 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ బయటపెట్టాడు. 6 ఉండవలసిన చోట 8 స్పష్టంగా కనిపించింది. మసక అంకెను చదువరి అనుమానిస్తాడు, స్పష్టమైన తప్పు అంకెను అనుమానించడు. సర్వే నంబర్లు, కొలతలు ఉండే ఎఫ్.ఎం.బి. పటాల వంటి వాటికి ఇది చిన్న విషయం కాదు.

పరిశీలన, నివారణ

ముందుగా పీడీఎఫ్‌ను 400 శాతానికి పెంచి మూల చిత్రంతో పోల్చాలి. పాప్లర్ సాధనాలలోని పీడీఎఫ్‌ఇమేజెస్ ఆదేశం ప్రతి చిత్రపు పిక్సెళ్ళను, సంపీడన పద్ధతిని చూపిస్తుంది.

లిబ్రేఆఫీస్‌లో పీడీఎఫ్ ఎగుమతి పెట్టెలో లాస్‌లెస్ సంపీడనాన్ని ఎంచుకొని, చిత్రాల రిజల్యూషన్ తగ్గించే గడిలోని టిక్కును తీసివేయాలి. వర్డ్ విషయంలో పత్రాన్ని భద్రపరచినప్పుడే చిత్రాలు కుదించబడే అవకాశం ఉన్నది. అందుచేత చిత్రాలను కుదించవద్దు అను అమరికను బొమ్మలు చేర్చకముందే పెట్టాలి. తరువాత పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు కనిష్ఠ పరిమాణం కాక స్టాండర్డ్‌ను ఎంచుకోవాలి. పటాలను తెర నుండి తీసిన బొమ్మలుగా కాక ఎస్వీజీ వంటి వెక్టర్ రూపంలో చేర్చితే ఎంత పెంచినా గీతలు చెదరవు.

రంగులు వెలిసినట్లు కనిపిస్తే కారణం వేరు. నిమ్మలకుంట తోలుబొమ్మల వంటి కాంతివంతమైన చిత్రాలను ముద్రణ కోసం సీఎంవైకే రంగులలోకి మార్చినప్పుడు, ఆ సిరాలు చూపలేని రంగులు దగ్గరి మందమైన రంగులుగా మారతాయి. తెరపై చదివే ప్రతికి ఈ మార్పిడి అవసరం లేదు.

పీడీఎఫ్‌లో పోయిన వివరాన్ని ఆ పీడీఎఫ్ నుండి తిరిగి రాబట్టలేము. చిత్రాన్ని పదును చేసే సాధనాలు అంచులను గట్టిపరుస్తాయే గాని లేని చుక్కను తేలేవు. మూల చిత్రం ఉంటే మళ్ళీ ఎగుమతి చేయవచ్చును, లేకుంటే అసలు కాగితాన్ని తిరిగి స్కాన్ చేయవలసిందే.