డబ్లిన్ సోల్, తూప్రాన్ గొంతు

ఆలన్ పార్కర్ ‘ది కమిట్‌మెంట్స్’ (1991)లో డబ్లిన్ కార్మికవాడ కుర్రాళ్లు తమ గొంతును అమెరికా నల్లవాళ్ల సోల్ సంగీతంలో వెతుక్కుంటారు. పేరొచ్చేలోపే బ్యాండ్ విడిపోతుంది. చూస్తుంటే నాకు మా మనోహరాబాద్ పక్కనున్న తూప్రాన్ గుర్తొచ్చింది.

అక్కడి దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్, బి. నర్సింగరావు మొదలుపెట్టిన ఆర్ట్ లవర్స్‌లో చేరారు. 1972లో అదే జన నాట్య మండలి అయింది. అరువు తెచ్చుకున్నది పేరొక్కటే, 1913 నాటి గదర్ పార్టీ నుంచి ‘గద్దర్’. బాణీలు, గొంగడి, గజ్జెలు మాత్రం మన ఊళ్లవే. ‘మాభూమి’లో యాదగిరి పాట పాడుతూ కనిపించేదీ ఆయనే.

డబ్లిన్ కుర్రాళ్లకి పాట వాడ నుంచి బయటపడే దారి. గద్దర్ అదే పాటతో వాడలోకే వెళ్లారు. అందుకు 1997లో ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా 2023లో పోయేదాకా వెన్నులోనే ఉండిపోయింది.