గుండెయొక్క యధికస్పందనములు

గుండె యొక దెబ్బ ముందుగా గొట్టి, పిమ్మట క్షణకాలము నిలిచినట్లు తోచుట పెక్కురెరిగిన యనుభవమే. ముందువచ్చిన దెబ్బలో రక్తము కొలదిగా వెడలుటచే మణికట్టున నాడి యందదు. తరువాతి దెబ్బ బలముగా నెదను గుదుపును. ఆరోగ్యవంతుల కిది చాలవరకు నపాయకరము గాదు.

గుండెపోటు వచ్చి బ్రదికినవారి విషయము వేరు. వారిలో దరచగు నధికస్పందనములు మరణసూచనలని వైద్యులు గ్రహించిరి. సూచన నణచినచో మరణమును దప్పునని యూహించి, 1980 దశకమున ఎన్‌కెయినైడ్, ఫ్లెకెయినైడ్ అను మందుల నిచ్చుచు వచ్చిరి. దెబ్బలు నిజముగనే యణగెను. రోగియు వైద్యుడును సంతసించిరి. ఇంక పరీక్ష యేల, కొందరికి మందు నీయకుండుట యధర్మము గాదా యని యాక్షేపించినవారును గలరు!

అయినను 1987లో అమెరికాయందు పరీక్ష యారంభమయ్యెను. మందుచే దెబ్బలణగినవారినే యేరి, కొందరికి మందును, కొందరికి దానివలె గానవచ్చు వట్టి మాత్రను నిచ్చిరి. ఎవరి కేది యందినదో చికిత్స చేయు వైద్యులకును దెలియదు. 1989లో నీ రెండు మందుల పరీక్షను నడుమనే యాపవలసివచ్చెను. 1991లో వెలువడిన లెక్క యిది: మందు దిన్న 755 మందిలో 63 మందియు, వట్టి మాత్ర దిన్న 743 మందిలో 26 మందియు మరణించిరి. గుండెలోని విద్యుత్ప్రవాహమును మందగింపజేయు నా మందులే, దెబ్బతిన్న కండరమున బ్రాణాంతకమగు నలజడిని బుట్టించినవి.

ఫ్లెకెయినైడ్ నేటికిని వాడుకలో నున్నది గాని, గుండెపోటు వచ్చినవారికి దాని నీయరు. వారికి బీటా నిరోధకములు మేలు చేయుచున్నవి. మిక్కిలి బాధించు నధికస్పందనములకు, రక్తనాళముగుండ సన్నని తీగను బంపి యవి పుట్టు తావును గాల్చుటయు గలదు.