మీదే ఊరు?

మల్కాజ్‌గిరి చౌరస్తాలో నిలబడి వచ్చేపోయేవాళ్లను "మీదే ఊరు?" అని అడిగితే మల్కాజ్‌గిరి అనే జవాబు తొందరగా దొరకదు. ఒకరు తెనాలి అంటారు, ఒకరు జనగామ అంటారు, ఇంకొకరు శ్రీకాకుళం పక్కన ఏదో పల్లె పేరు చెప్పి "మీకు తెలీదులెండి" అంటారు. ముప్పై ఏళ్ల కిందట ఇక్కడే నూటయాభై గజాల్లో ఇల్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు చేసి, రిటైరై, పొద్దున్నే సఫిల్‌గూడ చెరువు చుట్టూ నడిచే పెద్దాయనదీ ఇదే వరస. ఆయన ఇల్లు మల్కాజ్‌గిరిలో ఉంది. ఊరు మాత్రం సిద్దిపేట.

మాదిదే ఊరు అని గట్టిగా చెప్పేవాళ్లు పాత మల్కాజ్‌గిరిలో, మీర్జాల్‌గూడలో ఉన్నారు. మల్లికార్జునగిరి అన్న పేరే నలిగి మల్కాజ్‌గిరి అయిందని వాళ్లు చెప్పుకుంటారు. ఆషాఢం వస్తే బోనాలు ఎత్తుకుని కట్ట మైసమ్మ దగ్గరికి వెళ్లేది మొదట వాళ్లే. మిగతా జనమంతా ఏదో ఒక బండి దిగి వచ్చినవాళ్లు.

ఆ బండి కథ 1874లో మొదలవుతుంది. ఆ ఏడు వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. 1893లో పక్కనే లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు పెట్టారు. 1900 ప్రాంతంలో గోదావరి లోయ గుండా మన్మాడ్ దాకా మీటరుగేజి లైను వేసినప్పుడు అది మల్కాజ్‌గిరి పొలాల పక్క నుంచే బొల్లారం, మేడ్చల్, నిజామాబాద్ మీదుగా సాగింది. పొలాలకు పట్టాలు వచ్చాయి గానీ పట్టణం ఇంకా రాలేదు. అసలు ఆ లైను మొదట మనుషుల్ని ఇక్కడికి తెచ్చినదానికంటే ఇక్కడి నుంచి తీసుకుపోయిందే ఎక్కువనిపిస్తుంది. బతుకుదెరువు కోసం బొంబాయికి, భివండీకి వలసపోయిన తెలంగాణ పద్మశాలీలకు, కూలీలకు అదే దారి.

ఇటు వచ్చేవాళ్ల వరద ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో మొదలైంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. అంతవరకు మద్రాసు కింద ఉన్న విజయవాడ, హుబ్లీ డివిజన్లనూ, బొంబాయి కింద ఉన్న సికింద్రాబాద్, షోలాపూర్ డివిజన్లనూ కలిపి కొత్త జోను చేశారు. ఫైళ్లతోపాటు గుమాస్తాలూ వచ్చారు. మరుసటి ఏడాదే ఈసీఐఎల్ అనే ప్రభుత్వ కంపెనీ పుట్టింది, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. అటు నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వైపు సైన్యం నుంచి రిటైరైనవాళ్లు కాలనీలు కట్టుకున్నారు. క్వార్టర్లు కొందరికే దొరుకుతాయి. దొరకనివాళ్లు సైకిలు తొక్కితే డ్యూటీకి అందుకునేంత దూరంలో అద్దె ఇల్లు చూసుకున్నారు. ఆ దూరంలో ఉన్నది మల్కాజ్‌గిరి.

ఇక్కడ అడుగుపెట్టినవాడి మొదటి గొణుగుడు అద్దె ఇంటి గురించి. చిన్న పట్టణంలో ఇల్లంటే ముందు అరుగు, వెనక పెరడు, మధ్యలో బావి. ఇక్కడ ఇల్లు లేదు, "పోర్షన్" ఉంది. కింద ఓనరు, పైన రెండు గదులు, మేడ మీద రేకుల షెడ్డులో ఇంకో కుటుంబం. గేటుకు వేలాడే టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే ఇల్లు చూపించే ముందే ఇంటర్వ్యూ ఉంటుంది. "ఎక్కడ పని? ఎంతమంది ఉంటారు? మీరేమిట్లు?" మూడో ప్రశ్న కొందరు నేరుగా అడుగుతారు, కొందరు "నాన్‌వెజ్ వండుతారా అమ్మా?" అని చుట్టు తిప్పి అడుగుతారు. అడిగేది మాత్రం ఒకటే, కులం. పెళ్లికానివాడైతే ఇంటర్వ్యూ గేటు దగ్గరే ముగుస్తుంది.

ఆ తర్వాత 11 నెలల కాగితం. ఎందుకు 11 అంటే అద్దెకుండేవాళ్లలో చాలామంది "అదంతే" అంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదట ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్నే రిజిస్టరు చేయించాలంది. ఒక నెల తగ్గిస్తే ఆ ఖర్చు తప్పేది. ఆంగ్లేయుల కాలం చట్టాన్ని తప్పించుకునే ఈ ఉపాయం మల్కాజ్‌గిరి మేడమీద గది దాకా అలవాటుగా నడుస్తోంది. అద్దెదారుకు అండగా 1960లో ఆంధ్రప్రదేశ్ అద్దెల నియంత్రణ చట్టం వచ్చింది. కానీ ఓనరుతో పేచీ వచ్చినప్పుడు కోర్టు గుమ్మం ఎక్కేదెవరు? సామాను ఆటో ట్రాలీలో వేసుకుని రెండు వీధుల అవతల ఇంకో పోర్షన్ వెతుక్కోవడమే ఎక్కువమంది చేసే పని. అందుకే ఆనంద్‌బాగ్‌లో, గౌతమ్‌నగర్‌లో, వసంతపురి కాలనీలో ఒక్కో ఏడాది ఉండి, పేటంతా తిరిగినా మల్కాజ్‌గిరి దాటని కుటుంబాలు కనిపిస్తాయి.

ఓనర్లకూ గొణుగుళ్లున్నాయి. పైవాళ్లకు చుట్టాలు ఎక్కువ. మోటారు వేస్తే కట్టడం మరిచిపోతారు. ట్యాంకు పొంగి గోడంతా చెమ్మ. రాత్రి పదకొండుకు గేటు చప్పుడు. ఇందులో ముచ్చటేమిటంటే, ఆ ఓనరు కూడా ఒకనాడు ఇలాంటి పోర్షన్‌లోనే దిగినవాడు.

వచ్చినవాళ్లు మాత్రమే గొణుక్కున్నారనుకుంటే చరిత్ర సగమే చెప్పినట్టు. వచ్చినవాళ్ల మీద నగరం గొణుక్కున్నది అంతకంటే పాతది, అంతకంటే పదునైనది. నిజాం 1919లోనే ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ఫర్మానా ఇచ్చాడు. బయటివాడు ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవాలంటే పదిహేనేళ్లు ఇక్కడ ఉండాలి. 1952లో బయటివాళ్లు ఉద్యోగాలు ఎత్తుకుపోతున్నారన్న కోపం వీధుల్లోకి వచ్చింది. "నాన్ ముల్కీ గో బ్యాక్" అన్న నినాదానికి తోడు "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని కూడా అరిచారు. ఆ సెప్టెంబరులో హైదరాబాద్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. టిఫిను మీద ఎక్కుపెట్టినట్టు కనిపించే ఆ నినాదం కింద ఉన్నది ఉద్యోగం, ఇంటి అద్దె, పిల్లల చదువు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కర్నూలు నుంచి రాజధాని, దాని గుమాస్తాలు ఇక్కడికి కదిలినప్పుడు ఆ కోపం ఆరలేదు. 1969లో మళ్లీ మండింది, 2014లో రాష్ట్రం విడిపోయేదాకా ఏదో రూపంలో నడిచింది. ఈ చరిత్ర అంతా మల్కాజ్‌గిరిలో ఒకే మెట్ల దారిలో ఎక్కి దిగింది. కింది పోర్షన్ నల్లగొండ, పై పోర్షన్ గుంటూరు, మధ్యలో ఒకటే నీళ్ల మోటారు.

ఆ మోటారు దగ్గరే భాష కూడా కలిసింది. కుళాయి ఇక్కడ నల్లా అయింది, అద్దె కిరాయి అయింది, వేరుశెనగలు పల్లీలు అయ్యాయి, బంగాళాదుంప ఆలుగడ్డ అయింది. సందు గల్లీ అయింది. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాళ్లను ఎక్కువ తికమకపెట్టేవి రెండు మాటలు: నల్లా, నాలా. మొదటిది మంచినీళ్ల పంపు, రెండోది మురికి కాలువ. ఒక దీర్ఘం, ఒక ఒత్తు తేడా. వినేవాడికి అర్థం కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది గానీ, ఆ తర్వాత మల్కాజ్‌గిరి బాధలన్నీ ఆ రెండు మాటల్లోనే చెప్పుకోవచ్చని తెలిసిపోతుంది. ఎండాకాలం నల్లా రాదు, వానాకాలం నాలా ఆగదు.

నల్లా ఎందుకు రాదంటే పేట నగరానికి పక్కనుంది గానీ చాలాకాలం నగరంలో లేదు. 1908 మూసీ వరద తర్వాత నిజాం కట్టించిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1965లో మంజీరా నీళ్లు వచ్చాయి. ఇవన్నీ నగరాన్ని లెక్కలో పెట్టుకుని తెచ్చినవి. మల్కాజ్‌గిరి అప్పటికి ఊరు. తర్వాత రంగారెడ్డి జిల్లాలో వేరే మున్సిపాలిటీ. కాలనీలు పైపుల కంటే ముందు లేచాయి. కాబట్టి బోరు వేశారు. బోరు నీళ్లు ఉప్పన, పప్పు ఉడకదు, బకెట్టుకు తెల్లటి పొర కడుతుంది, తలంటుకుంటే జుట్టు రాలుతుందని ఆడవాళ్ల గోడు. బోరు ఎండితే ట్యాంకరు. ట్యాంకరు హారను వినగానే బిందెలు, డ్రమ్ములు, ప్లాస్టిక్ క్యాన్లు వీధిలోకి పరుగెత్తే దృశ్యం తొంభైల్లో ఇక్కడ పెరిగినవాళ్లకు బాగా గుర్తు.

2004లో కృష్ణ నీళ్లు నగరానికి చేరాయి. 2007 ఏప్రిల్ 16న మల్కాజ్‌గిరితో సహా 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. 2015లో ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి గోదావరి నగర ఉత్తర భాగానికి వచ్చింది. రాజమండ్రి నుంచి వచ్చి పాతికేళ్లుగా "మా గోదారి నీళ్ల రుచి ఇక్కడెక్కడిది" అంటున్నవాళ్లకు ఇది కొంచెం ఇబ్బంది పెట్టిన సంగతే. నల్లాలో వస్తున్నది ఆ గోదారే అని చెబితే, "అది ఎగువ నీళ్లండీ, మాది దిగువ" అని సర్దుకున్నారు.

నాలా సంగతికి చెరువుల దగ్గరికి వెళ్లాలి. ఇక్కడ ముక్కిడి చెరువు, సఫిల్‌గూడలో నడిమి చెరువు, మల్కాజ్‌గిరిలో బండ చెరువు ఉన్నాయి. పాతకాలం గొలుసుకట్టు పద్ధతిలో ఒకటి నిండితే అలుగు పారి కిందిదానికి నీళ్లు పోయేవి. నడిమి చెరువు అన్న పేరులోనే ఆ వరస ఉంది. అలుగు పారే దారి గజాల లెక్కన అమ్ముడుపోయాక నీళ్లకు దారి గుర్తుంది, మనుషులకు లేదు. 2020 అక్టోబరు వానలకు బండ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. సొంత ఊళ్లో చెరువు నిండితే కొబ్బరికాయ కొట్టిన మనుషులు ఇక్కడ చెరువు నిండుతోందంటే ఫ్రిజ్‌ను మంచం మీదికి ఎత్తుతారు.

చిన్న గొణుగుళ్లు లెక్కలేనన్ని. కరివేపాకు కూడా కొనాలా? గేదె పాలు తాగి పెరిగినవాళ్లకు ప్యాకెట్ పాలు. ఎదురింటివాళ్ల పేరు తెలియడానికి ఆరు నెలలు. వీటిని దాటుకుని వెళ్తే చివరికి అందరూ చేరే చోటు రైలు గేటు.

ఊరిని తెచ్చిన పట్టాలే ఊరిని రెండుగా కోశాయి. "గేటు పడింది" అన్న రెండు మాటలు మల్కాజ్‌గిరిలో ఆలస్యానికి సరిపోయే పూర్తి సంజాయిషీ. ఆఫీసులో, బడిలో, పెళ్లిలో, ఎక్కడైనా చెల్లుతుంది. మీటరుగేజి రోజుల్లో ఆగి ఉన్న సైకిళ్లు, రిక్షాలు, తర్వాత స్కూటర్లు, ఇప్పుడు గేటు నుంచి వీధి కొన దాకా కార్లు. ఆ చిన్న లైను 2000 దశకంలో బ్రాడ్‌గేజి అయ్యాక బండ్లు పెరిగాయి, గేటు మరింత తరచుగా పడింది. ఆనంద్‌బాగ్‌లో, ఉత్తమ్‌నగర్‌లో పట్టాల కింద నుంచి దారులు తవ్వారు. వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి కాబట్టి గొణుగుడు గేటు నుంచి అండర్‌పాస్‌లోకి మారింది. 2003లో నగరంలో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఈ లైను మీద మేడ్చల్ దాకా రావడానికి 2023 ఏప్రిల్ పట్టింది. 2017లో మెట్రో మెట్టుగూడ దాకా వచ్చి ఉప్పల్ వైపు తిరిగిపోయింది. దాన్ని అందుకోవాలంటే షేర్ ఆటోలో ముగ్గురి చోట నలుగురు కూర్చోవాలి.

ఇన్ని తిట్టుకుంటూనే జనం వచ్చారు. 2009లో మొదటిసారి ఎన్నిక జరిగిన మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గం ఓటర్ల లెక్కలో దేశంలోకెల్లా పెద్దది: 2019లో 31 లక్షలు, 2024లో 37 లక్షల పైచిలుకు. ఇంత పెద్ద నియోజకవర్గంలో ఓటు వేసేది మాత్రం ఇంచుమించు సగం మందే. 2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒకే రోజు పోలింగు. ఆంధ్రలో అసెంబ్లీకి కూడా. అంతకు రెండు రోజుల ముందు నుంచే విజయవాడ రోడ్డు సంక్రాంతిలా కిక్కిరిసింది. ఓటు ఎక్కడ ఉంచుకోవాలన్నది కూడా "మీదే ఊరు?" అన్న ప్రశ్నకు ఒక జవాబే.

సంక్రాంతికి, దసరాకు ఇదే జరుగుతుంది. పోర్షన్లకు తాళాలు పడతాయి, టిఫిన్ బండ్లు మూతపడతాయి, గేటు పడినా వెనక నాలుగే బండ్లు ఉంటాయి. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కోసం నెలల ముందే పడిగాపులు. తెల్లవారి దిగిన చోట రెండో రోజుకే గొణుగుడు మొదలవుతుంది: ఇక్కడ కరెంటు పోతోంది, దోమలు, నెట్ సరిగా రాదు, మా మల్కాజ్‌గిరిలో అయితే ఫోన్ చేస్తే పది నిమిషాల్లో సరుకులొస్తాయి. విన్న పెద్దమ్మ ఏమీ అనదు. స్టేషను దగ్గర ఆటో అతను మాత్రం సామాను చూసి, మాట విని, "హైదరాబాదోళ్లు" అని పక్కవాడితో అని, మామూలు రేటుకు వంద ఎక్కువ చెబుతాడు.