నేర్పినవాళ్లే మాన్పించారు

వందేళ్ల కిందట అమెరికాలో సరదాగా అడవికి వెళ్లేవాడు ముందుగా సర్దుకునేది గొడ్డలి. చేతిలో గొడ్డలి లేనివాడిని అడవి తెలిసినవాడిగా ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. నెస్మక్ అనే కలం పేరుతో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1884లో, ఆయన తర్వాత హొరేస్ కెఫార్ట్ 1906లో ప్రచురించిన పుస్తకాలు ఆ విద్యకు పాఠ్యగ్రంథాలయ్యాయి. దాని పేరు వుడ్‌క్రాఫ్ట్. పడుకోవడానికి ఫర్ చెట్ల కొమ్మల చివర్లు విరిచి తేవాలి. కాడలు నేలకు ఆనేలా, ఆకులు పైకి ఉండేలా, ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా వరసలు వెయ్యాలి. వరస ఎంత మందంగా వస్తే నిద్ర అంత మెత్తగా పడుతుంది. గుడారానికి లేత చెట్లు నరికి గుంజలు పాతాలి. వాన నీళ్లు లోపలికి రాకుండా చుట్టూ కాలవ తవ్వాలి. స్కౌట్ పిల్లలకు చెప్పిన పాఠాలు కూడా ఇంచుమించు ఇవే.

ఇవాళ ఏ జాతీయ పార్కులోనైనా ఈ పనుల్లో ఒక్కటి చేస్తే జరిమానా పడుతుంది. అడవికి వెళ్లినవాళ్లు బాధ్యత లేకుండా పాడు చేశారనడం తేలిక. వాళ్లలో చాలామంది చెప్పిన పాఠం చెప్పినట్టు అప్పజెప్పిన బుద్ధిమంతులు. ఆ పాఠాన్ని మరిపించడానికి మరో తరం పట్టింది.

పుస్తకాలదాకా ఎందుకు, పార్కులే కొన్ని చెడ్డ అలవాట్లు నేర్పాయి. యెల్లోస్టోన్ 1872లో పార్కయింది. కాపలాకు దిక్కులేని తొలి ఏళ్లలో జనం వేడినీటి బుగ్గల అంచులు పగలగొట్టి ముక్కలు పట్టుకెళ్లారు, రాళ్ల మీద పేర్లు చెక్కారు, నీళ్లు తొందరగా ఎగజిమ్మాలని గీజర్లలో సబ్బు వేశారు. 1886లో సైన్యం వచ్చి కూర్చుంది. పేరు రాసి వెళ్లిపోయినవాడిని సైనికులు పట్టుకొచ్చి, బ్రష్షు చేతికిచ్చి, వాడి పేరు వాడిచేతే తుడిపించేవారు. ఎంత లేదన్నా అదీ సందర్శకుల విద్యే!

ఎలుగుబంట్ల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. చేత్తో తిండి పెట్టకూడదని 1902లోనే నిషేధం ఉంది. హోటళ్ల ఎంగిలి పారబోసే చోట మాత్రం జనం కూర్చుని చూడటానికి బల్లలు వేశారు. సాయంత్రం కాగానే ఎలుగులు వచ్చి చెత్త తింటుంటే రేంజర్ నిలబడి వాటి గురించి ప్రసంగించేవాడు. పార్కు సూపరింటెండెంట్ హొరేస్ ఆల్‌బ్రైట్ ఎలుగులతో కలిసి బల్ల దగ్గర కూర్చున్న ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. పెద్దాయనే అలా కూర్చున్నాక, రోడ్డు పక్కన కారాపి కిటికీలోంచి బిస్కెట్టు అందించే తండ్రిని తప్పు పట్టేదెలా? బల్లల ముచ్చట రెండో ప్రపంచయుద్ధ కాలంలో ముగిసింది. చెత్తగుంటలు మూసి, నిషేధాన్ని గట్టిగా అమలు చేసేసరికి 1970 వచ్చింది. ఎలుగులకు మనిషి తిండి మాన్పించడం, మనుషులకు ఎలుగులను మేపడం మాన్పించడం ఒకేసారి చెయ్యాల్సి వచ్చింది. రెండు జాతులూ మొరాయించాయి.

యుద్ధం అయ్యాక జనం పెరిగారు, సామాను బరువు తగ్గింది. నైలాన్ గుడారాలొచ్చాయి. 1952లో డిక్ కెల్టీ అల్యూమినియం చట్రమున్న వీపు సంచులు అమ్మడం మొదలుపెట్టాడు. గుర్రాలూ గైడ్లూ లేకుండా కాలేజీ కుర్రాడు కూడా వారం రోజులు కొండల్లో ఉండగలిగాడు. 1964 సెప్టెంబరులో అధ్యక్షుడు జాన్సన్ వైల్డర్‌నెస్ చట్టం మీద సంతకం పెట్టాడు. మనిషి అతిథిలా వచ్చిపోయే చోటుగా తొలివిడతలో 91 లక్షల ఎకరాలు ఆ చట్టం కిందికి వచ్చాయి. అతిథులు మాత్రం ఆగకుండా వస్తూనే ఉన్నారు. సరస్సుల ఒడ్డున గడ్డి పోయి మట్టి తేలింది. ప్రతి మలుపులోనూ నెగడు మసి, ఖాళీ డబ్బాలు కనిపించేవి.

అటవీశాఖ మొదట ఆశ్రయించింది నిబంధనలనే. అయితే ఓరెగాన్ రాష్ట్రంలోని ఈగిల్ క్యాప్ అడవిలో పనిచేసిన జిమ్ బ్రాడ్లీ లాంటి ఉద్యోగులకు 1970లలో ఇంకో ఆలోచన వచ్చింది. ఏకాంతం కోసం ఇరవై మైళ్లు నడిచి వచ్చినవాడికి యూనిఫారం వేసుకున్న మనిషి ఎదురై చట్టం చదివితే మొండికేస్తాడు. అదే మనిషి పక్కన కూర్చుని కారణం చెబితే వింటాడు. పైగా లక్షల ఎకరాల్లో ప్రతి గుడారానికీ పోలీసును పెట్టడం ఎలాగూ కుదరదు.

ఈ పనికి కావలసిన గురువులు వుడ్‌క్రాఫ్ట్ తరం నుంచే రావడం విశేషం. పదహారేళ్ల వయసులో, 1924లో, కౌబాయ్ బూట్లతో గ్రాండ్ టీటన్ ఎక్కిన పాల్ పెట్జోల్ట్ 1938లో కె2 పర్వత యాత్రలోనూ ఉన్నాడు. 1965లో వ్యోమింగ్‌లోని లాండర్‌లో అడవుల్లో, కొండల్లో మసలే విద్య నేర్పడానికి ఆయన పెట్టిన బడి పేరు నోల్స్. తొలి ఏళ్లలో అక్కడి పిల్లల వంట కూడా కట్టెల మంట మీదే సాగేది. ఒకే లోయకు ఏటా వందల మందిని తీసుకెళ్తే ఏమవుతుందో ఆ బడికి అందరికంటే ముందు తెలిసొచ్చింది. తమ అడుగుజాడలే తమకు ఎదురవుతుంటే పాఠం మార్చక తప్పలేదు.

కొత్త పాఠానికి శాస్త్రం కూడా తోడైంది. పరిశోధకుడు డేవిడ్ కోల్ అదే ఈగిల్ క్యాప్‌లో గుడారాలు వేసే చోట్లను కొలిచి చూశాడు. ఎక్కువ మంది వాడితే ఎక్కువ నష్టం, తక్కువ మంది వాడితే తక్కువ నష్టం అని ఎవరైనా అనుకుంటారు. తేలింది వేరు. ఏడాదికి కొద్ది రాత్రులే వాడిన చోటు కూడా, నిత్యం వాడే చోటుతో పోటీపడేంతగా దెబ్బతింది. నష్టంలో సింహభాగం మొదటి కొద్దిమందితోనే జరిగిపోతోంది. ఆ తర్వాత వందమంది వచ్చినా కొత్తగా పోయేది స్వల్పం. అందుకే నలుగురూ వెళ్లే దారిలో అయితే అప్పటికే బోడిగా ఉన్న చోటే గుడారం వెయ్యమని, ఎవరూ తొక్కని చోట అయితే జట్టుగా ఒకేచోట దిగకుండా విడివిడిగా సర్దుకుని మర్నాడే కదిలిపొమ్మని చెప్పడం మొదలుపెట్టారు. పచ్చగా, అందంగా ఉన్న చోటు చూసి వాలిపోవడమే మనిషి నైజం కాబట్టి ఈ ఒక్క మాట ఎక్కించడం అన్నిటికంటే కష్టమైంది.

తర్వాతి సంగతులు కాగితం మీద చకచకా నడిచాయి. 1987లో అటవీశాఖ, పార్కుల శాఖ, భూముల శాఖ కలిసి 'లీవ్ నో ట్రేస్' (జాడ వదలొద్దు) పేరిట చిన్న పుస్తకం వేశాయి. పాఠ్యప్రణాళిక పని నోల్స్‌కు అప్పగిస్తే 1991లో శిక్షకుల తొలి తరగతి జరిగింది. 1994లో కొలరాడోలోని బౌల్డర్‌లో అదే పేరుతో విడిగా సంస్థ ఏర్పడింది. 1999 నాటికి అది నేర్పే సూత్రాలు ఏడుకు కుదిరాయి.

సూత్రాల కంటే వాటి వెనకున్న వివరాలే ఆసక్తిగా ఉంటాయి. మలవిసర్జనకు గొయ్యి నీటికి రెండువందల అడుగుల దూరంలో, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున తవ్వాలి. జానెడుకు కాస్త తక్కువన్నమాట. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పైపొరలోనే ఎక్కువ కాబట్టి మరీ లోతు పనికిరాదు. మాట్లాడటానికీ ఒక పద్ధతి ఏర్పడింది. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జార్జ్ వాలెస్ 1990లో రేంజర్లకు ఒక సలహా ఇచ్చాడు. తప్పు చేసినవాడికి ఎదురుగా నిలబడవద్దు, పక్కన నిలబడి ఇద్దరూ ఆ నెగడు వైపో, విరిగిన కొమ్మ వైపో చూడండి. దానివల్ల అక్కడి నేలకూ జంతువుకూ ఏమవుతుందో చెప్పండి. రూలు సంగతి చివర్న.

మాట ఎలా తిరగబడుతుందో అరిజోనాలో తెలిసింది. పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో కోట్ల ఏళ్ల కిందట రాయిగా మారిన చెట్ల ముక్కలు నేలమీద పడి ఉంటాయి, జనం జేబులో వేసుకుంటారు. ఏటా 14 టన్నులు దొంగతనంగా పోతున్నాయని అక్కడో బోర్డు మొత్తుకునేది. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ బృందం గుర్తుపెట్టిన ముక్కలను దారిపక్కన వేసి రకరకాల బోర్డులు పరీక్షించింది. చాలామంది పట్టుకెళ్తున్నారని వాపోయిన బోర్డున్న చోట దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. తీసుకోవద్దని సూటిగా అడిగిన చోట పోయింది 2 శాతంలోపే. అందరూ చేస్తున్నారని చెప్పడమంటే నువ్వూ చెయ్యమని చెప్పినట్టే అయింది.

ఈ చదువుకూ విమర్శకులున్నారు. గ్రెగరీ సైమన్, పీటర్ అలగోనా అనే పండితులు 2009లో అడిగిన ప్రశ్నలో పదునుంది. కట్టెలు మాని గ్యాస్ పొయ్యి, కొమ్మలు మాని ఫోమ్ పరుపు, ఇంకా నైలాన్ గుడారం కొనుక్కుంటే అడవిలో జాడ ఉండదు, నిజమే. ఆ జాడ ఫ్యాక్టరీ దగ్గరా గని దగ్గరా తేలడం లేదా? పాఠం పార్కు గేటు దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? లీవ్ నో ట్రేస్ వాళ్లు దీనికి గట్టి జవాబు చెప్పారని అనలేం. అయినా సరస్సు ఒడ్డున గడ్డి మిగిలిందంటే కొంత పుణ్యం ఆ ఏడు సూత్రాలదేనని ఒప్పుకోవాలి.

ఇప్పటి తలనొప్పి గొడ్డలి కాదు, ఫోను. పెట్జోల్ట్ ఎక్కిన టీటన్ శిఖరాల కింద డెల్టా లేక్ అనే చిన్న సరస్సు ఇన్‌స్టాగ్రామ్ పుణ్యమా అని జనంతో నిండిపోయింది. 2018లో జాక్సన్ హోల్ పర్యాటక మండలి ఆ ఫొటోలకు చోటు పేరు పెట్టవద్దని, బదులుగా మొత్తం ప్రాంతానికి వర్తించే ఒకే ట్యాగ్ వాడమని ప్రచారం చేసింది. రమ్మని పిలవడమే ఉద్యోగమైన సంస్థ చిరునామా దాచమని అడగటం అదో చోద్యం. చోటు తెలిసిన పాతకాపులు కొత్తవాళ్లను బయట ఉంచడానికే ఈ ఎత్తని కొందరు ఎదురు తిరిగారు. పేరు పెట్టాలా వద్దా అన్న తగువు ఇంకా నడుస్తూనే ఉంది.